నెల్లూరు తీర గ్రామాల్లో విద్యార్థి మార్గదర్శి: బాధ్యతలు, పరిమితులు

ఉపోద్ఘాతం

బోధన, పరిశోధన, విస్తరణ అనే మూడూ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి సమానమైన బాధ్యతలు. స్నాతక విద్యార్థికి మొదటి రెండూ తరగతి గదిలోను, ప్రయోగశాలలోను నిత్యం కనిపిస్తాయి. మూడవది మాత్రం చివరి సంవత్సరంలో గ్రామానికి చేరినప్పుడే నిజంగా ఎదురవుతుంది. భారత వ్యవసాయ పరిశోధన మండలి 2015 జులైలో ప్రారంభించిన ‘స్టూడెంట్ రెడీ’ కార్యక్రమంలో గ్రామీణ వ్యవసాయ పని అనుభవం ఒక ముఖ్యాంశం. అంతకు చాలా ముందు నుండే మన విద్యార్థులు దీనిని ‘రావెప్’ అనే పొట్టి పేరుతో ఎరుగుదురు. ఒక బృందం ఒక గ్రామానికి చేరుతుంది. ఒక్కొక్క విద్యార్థి ఒక్కొక్క ఆతిథ్య రైతు వెంట పొలానికి వెళ్తాడు. గ్రామ వనరుల పటం, రుతు పట్టిక, పంట ఖర్చుల లెక్క తయారవుతాయి. 1969లో 37 విశ్వవిద్యాలయాలతో మొదలైన జాతీయ సేవా పథకం శిబిరాలు కూడా విద్యార్థిని ఇదే విధంగా పల్లెకు చేర్చాయి.

ఈ కార్యక్రమాల గురించి వచ్చిన రచనల్లో అధ్యాపకుని పాత్ర, రైతు పాత్ర, విద్యార్థి పాత్ర చర్చకు వచ్చాయి. ఈ ముగ్గురి నడుమ నిలిచే మరొక వ్యక్తి గురించి తక్కువగానే రాశారు. అతడు కొన్నిచోట్ల అధ్యాపకునికి తోడుగా వచ్చే స్నాతకోత్తర విద్యార్థి, మరికొన్నిచోట్ల బృంద నాయకుడు, శిబిరాల్లోనైతే రెండు మూడేళ్ల అనుభవం గల సీనియర్ స్వచ్ఛంద కార్యకర్త. పదవి పేరు ఏదైనా అతడు చేసే పని ఒక్కటే. తనకంటే చిన్నవారికి గ్రామాన్ని చూడడం నేర్పాలి, గ్రామస్థులకు వారి తరఫున జవాబు చెప్పాలి. ఇతనిని ఈ వ్యాసంలో విద్యార్థి మార్గదర్శి అని పిలుద్దాం. నెల్లూరు తీరం వంటి సంక్లిష్టమైన ప్రాంతంలో ఇతడు ఏమి చేయాలి, ఎక్కడ ఆగాలి అన్నది పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ప్రాంత స్వరూపం

పాఠ్యపుస్తకంలోని పంట కాలక్రమం నెల్లూరు తీరానికి యథాతథంగా అతకదు. ఇక్కడ ఏటా కురిసే వర్షంలో సగానికి పైగా ఈశాన్య రుతుపవనాల కాలంలోనే వస్తుంది. కనుక రాష్ట్రంలోని చాలా ప్రాంతాలకు భిన్నంగా ఇక్కడ రబీ వరి ప్రధాన పంట. నీటి లభ్యతను బట్టి వేసవిలో మొదలయ్యే పంటను స్థానికంగా ‘ఎడగారు’ అంటారు. జూన్‌ తరువాత వచ్చే సెమిస్టరులో గ్రామానికి చేరిన విద్యార్థి ఖరీఫ్ నారుమడి కోసం వెదికితే అతనికి కోతకు సిద్ధమవుతున్న ఎడగారు చేను కనిపించవచ్చు. తాను చదివినది తప్పా, రైతు చేస్తున్నది తప్పా అని అతడు తికమక పడతాడు. రెండూ తప్పు కావని, రుతు పట్టికను ఆ ఊరి వాన నుండి, ఆ ఊరి కాలువ నుండి గీయాలని మార్గదర్శి మొదటి వారంలోనే చెప్పాలి.

1855 నాటికి పూర్తయిన నెల్లూరు ఆనకట్ట, ఆ తరువాత వచ్చిన సంగం ఆనకట్ట పెన్నా డెల్టాకు రూపమిచ్చాయి. 2022 సెప్టెంబరులో ఆ రెండు చోట్లా కొత్త బ్యారేజీలు ప్రారంభమయ్యాయి. కాలువ మొదటి భాగంలో నీరు సమృద్ధిగా ఉన్న ఏడాది కూడా చివరి భూములకు అది ఆలస్యంగానే చేరుతుంది. విడవలూరు, ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు వంటి తీర మండలాల్లో వరి చేలు, ఇసుక నేలల్లో వేరుశనగ, సరుగుడు తోటలు, బకింగ్‌హామ్ కాలువ పరిసరాల్లో రొయ్యల చెరువులు, సముద్రపు ఒడ్డున మత్స్యకారుల పల్లెలు కొద్ది దూరంలోనే కలిసి కనిపిస్తాయి. ఒక్క గ్రామ వనరుల పటంలోనే ఇన్ని జీవికలు ఇమడాలి.

పరిశోధన పరంగా కూడా ఈ ప్రాంతానికి ఘనమైన వారసత్వం ఉంది. 1937లో ఏర్పడిన నెల్లూరు వ్యవసాయ పరిశోధన స్థానం మొలగొలుకుల పేరును నిలబెట్టింది. ఇక్కడ అగ్గితెగులు బెడద ఎక్కువ కావడంతో దానిని తట్టుకొనే రకాలపై ఈ స్థానం దృష్టి నిలిపింది. ‘నెల్లూరు మసూరి’గా పేరొందిన ఎన్.ఎల్.ఆర్. 34449 ఆ కృషి ఫలమే. విద్యార్థి తన ఆతిథ్య రైతు పొలంలో చూస్తున్న రకం పాతిక ముప్పై కిలోమీటర్ల దూరంలోని పరిశోధన క్షేత్రం నుండి వచ్చి ఉండవచ్చు. ఆ సంబంధాన్ని చూపించినప్పుడు పరిశోధన అనే మాట అతనికి పుస్తకం వెలుపల అర్థమవుతుంది.

భాష, కొలత, మర్యాద

గ్రామంలో మొదటి పరీక్ష భాషదే. దిగుబడి ఎంత అని అడిగిన విద్యార్థికి నెల్లూరు రైతు క్వింటాళ్లలో కాక పుట్లలో జవాబిస్తాడు. ఇక్కడి ధాన్యపు పుట్టి 850 కిలోలు. ఎకరాకు మూడు పుట్లు అంటే 25.5 క్వింటాళ్లు, అనగా 75 కిలోల బస్తాలు 34. కృష్ణా, గోదావరి ప్రాంతాల నుండి వచ్చిన విద్యార్థి బస్తాల్లో ఆలోచిస్తాడు, ప్రశ్నావళి హెక్టారుకు కిలోలు అడుగుతుంది. ఈ మూడు కొలతల మధ్య లెక్క తప్పితే పంట ఖర్చుల పట్టిక అంతా తప్పుతుంది. రైతు చెప్పిన మాటను అతని కొలతలోనే ముందుగా రాసుకొని, మార్పిడిని పక్కన వేరుగా చూపడం మంచి అలవాటు. సందేహం వచ్చినప్పుడు అసలు మాట దగ్గరకు తిరిగి వెళ్లే వీలు దాని వలననే ఉంటుంది.

సంబోధన కూడా కొలత వంటిదే. విద్యార్థులు ఆతిథ్య రైతును ‘అన్నా’ అనో ‘పెద్దాయనా’ అనో, ఇంటి ఇల్లాలిని ‘అమ్మా’ అనో ‘అక్కా’ అనో సహజంగానే పిలుస్తారు. చిక్కు వచ్చేది ఊరి చివర. కూలి పనికి వచ్చినవారిని, యానాది కుటుంబాలలోని వృద్ధులను ‘నువ్వు’ అని పిలిచే వాడుక ఇంకా పూర్తిగా పోలేదు. ఊరి పెద్దలు పిలిచినట్లే పిలవడం స్థానిక మర్యాద అని కొత్త విద్యార్థి పొరబడవచ్చు. విశ్వవిద్యాలయం తరఫున వచ్చినవారు అందరినీ ‘మీరు’ అనే పిలవాలన్నది బృందానికి బేరసారాలు లేని నియమం కావాలి. మార్గదర్శి దీనిని ఉపన్యాసంగా చెప్పనక్కరలేదు. తాను అలా పిలిస్తే చాలు, మిగిలినవారు అనుసరిస్తారు.

ఏ గడప ముందు ఆగుతున్నాం?

ఆతిథ్య రైతు ఎంపిక కార్యక్రమం ఫలితాన్ని సగం నిర్ణయిస్తుంది. సాధారణంగా ఈ ఎంపిక రోడ్డు పక్కన ఇల్లు, సొంత భూమి, నలుగురు విద్యార్థులను కూర్చోబెట్టగల వసారా ఉన్నవారి వైపు మొగ్గుతుంది. అందులో దురుద్దేశం ఏమీ లేదు. కానీ తీర మండలాల్లో చేను దున్నేవారిలో కౌలుదారులు గణనీయంగా ఉన్నారు. 2011లో అధీకృత సాగుదారుల చట్టం, 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చినప్పటికీ కౌలు ఒప్పందం కాగితం మీద లేని చోట సాగుదారు పేరు ఏ రికార్డులోనూ కనిపించదు. మట్టి నమూనా సంచి మీద యజమాని పేరు, ఫలితపు కార్డు మీద యజమాని పేరు ఉంటాయి. ఎరువు వేసేది మాత్రం మరొకరు. విద్యార్థి ఎంత శ్రద్ధగా నమూనా తీసినా ఫలితం నెల్లూరు పట్టణంలో నివసించే యజమాని బీరువాలో ఉండిపోతే, ఆ శ్రమ వలన చేనుకు ఒరిగేదేమీ లేదు.

దీనికి మార్గదర్శి చేయగలిగినది చిన్నదే అయినా ఫలితం ఉన్న పని. నమూనా సంచిలో వేసే చీటీ మీద భూ యజమాని, సాగుదారు అని రెండు గడులు పెట్టించాలి. కార్డు రెండవ ప్రతిని సాగుదారు చేతికి ఇప్పించి, అందులోని అంకెలను చదివి చెప్పించాలి. కౌలు వివరాలు బయటపడితే భూమి పోతుందేమోనని కొందరు సాగుదారులు జంకుతారు. వారు చెప్పవద్దన్నచోట పేరు రాయకుండా, చేను గుర్తుతో మాత్రమే నమోదు చేయాలి. సమాచారం సేకరించే హక్కు విద్యార్థికి ఎవరూ ఇవ్వలేదని, గ్రామస్థుడు అనుమతించినంత మేరకే అది అతనిదని బృందానికి తెలియాలి.

యానాదుల విషయంలో మనకు స్థానికంగానే ఒక ఆదర్శం ఉంది. నెల్లూరు ప్రాంతానికి చెందిన వెన్నెలకంటి రాఘవయ్య తన జీవితంలో అధిక భాగాన్ని వారి మధ్య పనికి వెచ్చించారు. 1962లో వెలువడిన ఆయన గ్రంథం ‘ది యానాదీస్’ ఆ సాన్నిహిత్యం నుండి పుట్టినదే. వరి చేలల్లో ఎలుక కన్నాలను గుర్తించి, ఏది నివాసం ఉన్న కన్నమో ఏది వదిలిన కన్నమో చూపుతోనే చెప్పగల నేర్పు యానాదులది. 96 పాళ్లు నూకలు, 2 పాళ్లు నూనె, 2 పాళ్లు బ్రోమోడయోలోన్ కలిపి ఎర తయారు చేయడం విద్యార్థికి తెలుసు. ఎరను ఏ కన్నంలో పెట్టాలో ఆ పెద్దకు తెలుసు. గ్రామమంతా ఒకే రోజున చేపట్టే సామూహిక ఎలుకల నివారణలో వారిని కూలీలుగా కాక నిపుణులుగా ముందు నిలిపితే, విద్యార్థులు విస్తరణ శాస్త్రంలో ఒక అధ్యాయానికి సరిపడే పాఠం నేర్చుకుంటారు. ఆ రోజుకు వారికి తగిన ప్రతిఫలం ముట్టేలా చూడడం కూడా ఆ పాఠంలో భాగమే.

చౌడు నేల: సలహాకు ముందు పరీక్ష

తీర గ్రామంలో విద్యార్థికి తరచుగా ఎదురయ్యే ప్రశ్న ‘చౌడు పోవాలంటే ఏం చేయాలి?’ అనేది. పరీక్షకు చదివిన జ్ఞాపకంతో ‘జిప్సం వేయండి’ అనే జవాబు వెంటనే వస్తుంది. మార్గదర్శి ఆపవలసినది సరిగ్గా ఈ చోటే. పాలచౌడు వేరు, కారుచౌడు వేరు. పైన తెల్లని ఉప్పు పొర కట్టే పాలచౌడులో కరిగే లవణాలు ఎక్కువ. సంతృప్త సారంలో విద్యుత్ వాహకత మీటరుకు 4 డెసీసైమన్లకు మించి, ఉదజని సూచిక 8.5 లోపు ఉంటుంది. కారుచౌడులో సోడియం మట్టి రేణువులను పట్టుకొని ఉంటుంది. ఉదజని సూచిక 8.5 దాటుతుంది, నేల గట్టిపడి నీరు ఇంకదు. జిప్సం అవసరమయ్యేది ఈ రెండవ దానికి. మొదటి దానికి కావలసినది మంచి నీటితో ఉప్పును కడగడం, ఆ నీరు బయటకు పోయే మురుగు కాలువ. సముద్ర తీరంలో భూగర్భ జలం పైపైనే ఉన్నచోట మురుగు దారి లేకుండా ఎంత నీరు పెట్టినా ఉప్పు మళ్లీ పైకి వస్తుంది.

ఇక్కడ మరొక సూక్ష్మం ఉంది. క్షేత్రంలోను, అనేక భూసార పరీక్షా కేంద్రాలలోను వాహకతను కొలిచేది మట్టి, నీరు కలిపిన పలుచని మిశ్రమంలో. 4 అనే హద్దు సంతృప్త సారానికి చెందినది. పలుచని మిశ్రమంలో అదే మట్టి చాలా తక్కువ అంకె చూపుతుంది. ఆ అంకెను 4తో పోల్చి ‘మీ నేలలో ఉప్పు లేదు’ అని చెప్పడం రైతుకు నష్టం కలిగించే సలహా. వరి సుమారు 3 డెసీసైమన్ల దగ్గర నుండే దిగుబడి కోల్పోవడం మొదలవుతుంది కనుక ఈ పొరపాటు చిన్నది కాదు.

కాబట్టి బృందానికి ఒక క్రమం ఉండాలి. చేనులో 8 నుండి 10 చోట్ల ‘వి’ ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు వరకు మట్టి తీసి, కలిపి, నాలుగు భాగాల పద్ధతిలో అరకిలోకు తగ్గించాలి. ఉప్పు పొర ఉన్నచోట ఆ పై పొరను విడిగా సేకరించాలి. ఫలితం వచ్చే వరకు ‘పరీక్ష చేయించి చెబుతాం’ అనే మాట తప్ప మరొకటి చెప్పరాదు. ఫలితం వచ్చాక కృషి విజ్ఞాన కేంద్రం లేదా ఏరువాక కేంద్రం శాస్త్రవేత్తతో సరిచూసుకొని సలహా ఇవ్వాలి. జీలుగ వంటి పచ్చిరొట్ట, చౌడును తట్టుకొనే వరి రకాలు, నారు ముదురుగా దగ్గరగా నాటడం వంటివి అప్పుడు చర్చకు వస్తాయి. తెలియదని చెప్పడం విద్యార్థికి చిన్నతనంగా తోస్తుంది. రైతు మాత్రం తెలియదన్నవాడిని త్వరలోనే మరచిపోతాడు. తప్పు చెప్పినవాడిని పంట పోయిన ప్రతి ఏడూ తలచుకుంటాడు.

రొయ్యల చెరువు, వరి చేను

మార్గదర్శికి అసలైన పరీక్ష ఈ రెండింటి సరిహద్దులో ఉంది. 1990ల ఆరంభంలో కండలేరు ముఖద్వార ప్రాంతంతో సహా నెల్లూరు తీరమంతా టైగర్ రొయ్యల సాగు వేగంగా విస్తరించింది. 1994లో వచ్చిన తెల్లమచ్చల వ్యాధి ఆ విస్తరణను దెబ్బతీసింది. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీర ప్రాంత రొయ్యల సాగుపై చరిత్రాత్మకమైన తీర్పు ఇచ్చింది. 2005లో తీర ప్రాంత ఆక్వాకల్చర్ ప్రాధికార సంస్థ చట్టం వచ్చింది. 2009లో వనామీ రొయ్యకు అనుమతి లభించడంతో సాగు మళ్లీ పుంజుకుంది. వ్యవసాయ భూములను రొయ్యల చెరువులుగా మార్చరాదని మార్గదర్శకాలు చెబుతున్నాయి. అయినా కాలువ చివరి భూముల్లో నీరు రాని రైతు, పక్క చెరువు నుండి ఉప్పు ఊరే రైతు, తన చేను కూడా చెరువుకు ఇచ్చివేయాలా అని ఆలోచిస్తూనే ఉన్నాడు.

ఇటువంటి గ్రామంలో ఒక విద్యార్థి చేతిలో వాహకత మాపకం ఉందనుకుందాం. అతని ఆతిథ్య రైతుకు చెరువు ఉంది. చెరువు దిగువన ఒక కౌలుదారు వరి వేశాడు. ఉమ్మడి మురుగు కాలువలో చెరువు నీరు వదలక ముందు, వదలిన తరువాత కొలిచిన అంకెలు వేరుగా వచ్చాయి. ఆ అంకెను ఏమి చేయాలి?

ప్రాజెక్టు నివేదికలో రాసి ఊరుకోవడం సులభం. కానీ చేను నష్టపోతున్నవాడికి తెలియని అంకె శాస్త్రానికి కూడా పెద్దగా ఉపయోగపడదు. వెంటనే రచ్చబండ దగ్గర ప్రకటించడం సాహసంగా కనిపిస్తుంది. అయితే ఒక్క రోజు, ఒక్క చోట తీసిన కొలత నిలబడదు. పైగా విద్యార్థులు సెమిస్టరు ముగియగానే వెళ్లిపోతారు, ఆ తగాదాలో మిగిలేది కౌలుదారు. చెరువు యజమానిని దోషిగా ముందే నిర్ణయించడం కూడా న్యాయం కాదు. అతడు సైతం మేత అప్పులోను, వ్యాధి భయంలోను ఉన్న చిన్న సాగుదారు కావచ్చు. ఉప్పు ఆటుపోటుల నుండి, భూగర్భ జలం నుండి కూడా రావచ్చు.

అందువలన మార్గదర్శి అనుసరించదగిన క్రమం ఇది. చెరువుకు ఎగువన, వదిలే చోట, చేను దగ్గర అని మూడు స్థలాలు నిర్ణయించి పలు దినాలు కొలతలు తీయించాలి. ఎవరి చేను నమూనాయో వారికే ఆ ఫలితం మొదట చెప్పాలి. ఆ తరువాత అధ్యాపకునికి, కృషి విజ్ఞాన కేంద్రానికి లిఖితంగా అందించాలి. గ్రామంలో చర్చ పెట్టవలసి వస్తే అది శాస్త్రవేత్త, వ్యవసాయ, మత్స్య శాఖల అధికారుల సమక్షంలో జరగాలి. వ్యవసాయ విద్యార్థులు ఒక్కరే దీనిని మోయనక్కరలేదు. 1991లో స్థాపించిన మత్స్య విజ్ఞాన కళాశాల ముత్తుకూరులోనే ఉంది. చెరువు నీటిని నిలిపి, శుద్ధి చేసి వదలడం గురించి చెరువు రైతుతో మాట్లాడగల విద్యార్థులు అక్కడ ఉన్నారు. ఇరు కళాశాలల బృందాలు ఒకే కాలువను కలిసి కొలిస్తే ఒక పక్షం తరఫున వచ్చారన్న అనుమానానికి తావు తగ్గుతుంది.

పాఠం చెప్పినవాడి అంచనా దాటిన పాఠం

విస్తరణ కార్యక్రమం తాను అనుకొన్న లక్ష్యాన్నే చేరాలన్న నియమం లేదనడానికి ఇదే జిల్లాలో ఒక ఉదాహరణ ఉంది. 1990ల ఆరంభంలో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం జరిగినప్పుడు స్వచ్ఛంద కార్యకర్తలు రాత్రి బడులు నడిపారు. వాచకంలో సారా వలన కలిగే కష్టాన్ని గురించిన ఒక పాఠం ఉంది. దూబగుంట మహిళలు ఆ పాఠాన్ని చదివి ఊరుకోలేదు. 1992లో రోశమ్మ వంటివారి నాయకత్వంలో మొదలైన సారా వ్యతిరేకోద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుండి సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి.

విద్యార్థి మార్గదర్శి ఈ ఘట్టం నుండి గ్రహించవలసినది ఒకటుంది. కార్యకర్తలు అక్షరాలు నేర్పారు. ఏమి చేయాలో మహిళలే నిర్ణయించుకున్నారు. సమస్యల ప్రాధాన్య క్రమాన్ని నిర్ణయించే సమావేశంలో మహిళలు ‘తాగే నీరు’ అంటే, మనం తెచ్చిన ప్రణాళికలో ‘జీవన ఎరువులు’ ఉన్నా, ముందుగా రాయవలసినది తాగే నీరే. ఆ పని మన శాఖది కాకపోతే సంబంధిత శాఖకు చేర్చాలి. చేర్చినట్లు మహిళలకు తిరిగి వచ్చి చెప్పాలి.

వాన రోజులు

బృందం గ్రామంలో ఉండే కాలం, తుపానుల కాలం తరచుగా ఒకటే అవుతాయి. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపానును, 2004 డిసెంబరు సునామీని తీర గ్రామాల పెద్దలు ఇంకా గుర్తు పెట్టుకొని ఉన్నారు. 2021 నవంబరులో పెన్నా వరద డెల్టా గ్రామాలను ముంచింది. సహాయం చేయాలన్న ఉత్సాహంతో విద్యార్థులు కాలువ గట్లకు వెళ్లే ప్రమాదం ఉంది. తుపాను షెల్టరు ఎక్కడ, దారి ఏది, ఎవరి ఫోను ఎవరి దగ్గర ఉంది అన్న వివరాలు వనరుల పటంలో మొదటి వారమే చేరాలి. హెచ్చరిక రాగానే బృందాన్ని వెనక్కి తీయడం మార్గదర్శి నిర్ణయం కావాలి, దానికి ఎవరి అనుమతి కోసమూ వేచి ఉండనక్కరలేని అధికారం అతనికి ముందే ఇవ్వాలి. నీరు తీసిన తరువాత చేయగల పని ఎంతో ఉంది. మునిగిన చేలలో నీరు బయటకు తీయించడం, మళ్లీ నారు పోయవలసి వస్తే స్వల్పకాలిక రకాల విత్తనం ఎక్కడ లభిస్తుందో తెలుసుకోవడం, నష్టం వివరాల నమోదులో కౌలుదారుల పేర్లు జారిపోకుండా చూడడం అందులో కొన్ని.

ఏటా కొత్త పటమేనా?

ఒకే గ్రామానికి వరుసగా మూడు బృందాలు వెళ్లినా, మూడుసార్లూ అదే ముగ్గుపిండితో అదే సామాజిక పటం గీయడం మనకు తెలిసినదే. గ్రామస్థులు ఓపికగా అవే జవాబులు చెబుతారు. నిరుటి ప్రశ్నలకు ఫలితం ఏమైందని వారు అడిగితే కొత్త బృందం దగ్గర సమాధానం ఉండదు. దీనికి విరుగుడుగా ప్రతి గ్రామానికి ఒక పుస్తకం తెరవాలి. తీసిన నమూనాలు, ఇచ్చిన సలహాలు, ఇచ్చిన మాటలు, నెరవేరనివి ఏవి, ఎందుకు అన్నవి అందులో ఉండాలి. బయలుదేరే ముందు మార్గదర్శి ఆ పుస్తకాన్ని తరువాతి మార్గదర్శికి స్వయంగా అప్పగించి, ఆతిథ్య రైతులకు, సాగుదారులకు పరిచయం చేయాలి. కొత్త బృందం మొదటి వారం పటం గీయడానికి బదులు పాత పటంలో ఏమి మారిందో చూడడానికి వెచ్చిస్తే, అయిదేళ్లలో ఆ పుస్తకమే ఆ గ్రామపు ఉప్పు, నీరు, పంటల చరిత్ర అవుతుంది. ఒక్క సెమిస్టరులో ఏ పరిశోధకుడూ దానిని సంపాదించలేడు.

మూల్యాంకనంలో కూడా ఇందుకు తగిన మార్పు కావాలి. ప్రదర్శనలు, చార్టులు, దినచర్య పుస్తకం చక్కదనం చూసి మార్కులు వేసే చోట, సాగుదారు చేతికి చేరిన ఫలితాలు ఎన్ని, నెరవేర్చిన మాటలు ఎన్ని అని కూడా అడగాలి. మార్గదర్శి చేసిన పనికి ఇప్పుడు మార్కు లేదు, గంటల లెక్క లేదు. దానిని గుర్తించే ఏర్పాటు విభాగాల స్థాయిలోనే చేయవచ్చు.

ముగింపు

విద్యార్థి మార్గదర్శికి అధికారం లేదు, ఇవ్వడానికి నిధులూ లేవు. గ్రామం అతనిని నమ్మేది విశ్వవిద్యాలయం పేరు చూసి; మళ్లీ రానిచ్చేది అతని నడత చూసి. నెల్లూరు తీరం వంటి చోట వరి, రొయ్య, వల, కూలి ఒకే నీటి మీద ఆధారపడి ఉన్నాయి. అక్కడ సరైన అంకెను సరైన వ్యక్తికి, అతనికి అర్థమయ్యే కొలతలో, సకాలంలో చేర్చడం చిన్న సేవ కాదు. విస్తరణ శాస్త్రవేత్తలు ఈ పాత్రను ఒక బాధ్యతగా నిర్వచించి, తగిన శిక్షణ ఇచ్చి, గ్రామ పుస్తకాన్ని కొనసాగిస్తే రావెప్ విద్యార్థికి అనుభవాన్ని ఇచ్చే కార్యక్రమంగా మాత్రమే ఉండిపోదు. ఆ గ్రామానికి కూడా అందులో వాటా దక్కుతుంది.